అర్ధపెన్నీ నుండి అర్ధణా వఱకు

గ్రామ గ్రంథాలయమును తలంచినపుడు మనకు ముందుగా స్ఫురించువారు దాతలు. స్థలమిచ్చిన వారెవరు, తొలి బీరువా చేయించిన వారెవరు, ఇంటింటికి తిరిగి మొదటి నూఱు పుస్తకములు కూర్చిన యువకులెవరు అని మనము చెప్పుకొందుము. ఇట్లు చెప్పుకొనుట ధర్మమే. దాతను మఱచిన యూరు వృద్ధి పొందదు. కాని ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున వేఱొక ప్రశ్న కూడ వేసికొనుట యుక్తము. దాత గతించిన పిదప, తొలి యుత్సాహము చల్లారిన పిదప, గ్రంథాలయ దీపమునకు నూనె యెక్కడినుండి రావలెను?

ఈ ప్రశ్న మనకు మాత్రమే కలిగినది కాదు. నూటడెబ్బది సంవత్సరములకు పూర్వమే ఇంగ్లండు దేశపు పురపాలక సభలయందు ఇది తీవ్రమైన వాదోపవాదములకు కారణమైనది. వీధిదీపములకు, మురుగు కాలువలకు వ్యయము చేయు పట్టణ సభ పుస్తకములకు కూడ వ్యయము చేయవచ్చునా? చదువువాని కొఱకు చదువనివాడు పన్ను చెల్లింపవలెనా? ఆ ప్రశ్నలకు వారు చెప్పుకొన్న సమాధానమే కాలక్రమమున సముద్రములు దాటి మన ఇంటిపన్ను రసీదు వఱకు వచ్చినది. ఆ చరిత్రను సంగ్రహముగా వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

మాంచెస్టరు అను పేరు మన పూర్వులకు ఇంపైన పేరు కాదు. మన చేనేతవాని మగ్గమును మూలబెట్టించిన మిల్లుబట్టల కది పుట్టినిల్లు. అయినను ఆ మిల్లులలో పనిచేసిన కూలివాని బ్రతుకును సుఖమయము కాదు. పందొమ్మిదవ శతాబ్దపు తొలి యర్ధభాగమున పల్లెలు విడిచి వచ్చిన వేలకొలది జనులు ఇఱుకు వీధులలో, పొగ క్రింద, దినమునకు పది పండ్రెండు గంటలు యంత్రముల నడుమ గడపుచుండిరి. ఆ నగరమున గ్రంథాలయములు లేకపోలేదు. 1653వ సంవత్సరమున స్థాపితమైన చెతాం గ్రంథాలయము పండితులకు ఉచితముగనే తెఱచియుండెను. కాని అందలి పుస్తకము నింటికి తీసికొనిపోవ వలనుపడదు. చందా చెల్లించువారికి చందా గ్రంథాలయములు కలవు. చందా కట్టలేనివానికి, పగలెల్ల పనిలోనుండి రాత్రి మాత్రమే తీఱిక దొరకువానికి ఏ గ్రంథాలయమును లేదు.

ఈ లోటును పార్లమెంటు దృష్టికి తెచ్చినవారిలో విలియం ఎవర్టు, జోసెఫ్ బ్రదర్టన్ అను సభ్యులు ముఖ్యులు. వీరికి వలయు లెక్కలును ఆధారములును సమకూర్చి యిచ్చినవాడు ఎడ్వర్డు ఎడ్వర్డ్సు. అతడు తాపీపనివాని కుమారుడు, తానును చిన్నతనమున ఆ పని నేర్చినవాడు. స్వయంకృషిచే చదువుకొని బ్రిటిషు మ్యూజియమున పుస్తకముల పట్టిక వ్రాయు ఉద్యోగమున చేరెను. ఐరోపాఖండపు ఇతర దేశములలో ప్రజలకు తెఱచియున్న గ్రంథాలయములెన్ని, ఇంగ్లండునందెన్ని అని లెక్కకట్టి, తన దేశమెంత వెనుకబడియున్నదో 1849వ సంవత్సరమున పార్లమెంటు ఉపసంఘము ఎదుట సాక్ష్యమిచ్చెను. ఆ లెక్కలలో కొన్ని లోపములున్నవని పలువురు ఆక్షేపించిరి. అయినను అతడు చూపిన లోటు మాత్రము లేదని ఎవరును అనజాలకపోయిరి.

1850వ సంవత్సరమున బిల్లు చర్చకు వచ్చినది. విరోధించినవారు తక్కువ వారు కారు. పన్నుల భారము ఇప్పటికే అధికమనిరి కొందఱు. పట్టణ గ్రంథాలయములు రాజకీయపు కలహములకు ఆటపట్టులగునని భయపడిరి మఱికొందఱు. చదువు హెచ్చినకొలది జనులను పాలించుట కష్టమగునని నిస్సంకోచముగ పలికినవారును కలరు. కర్నల్ సిబ్తార్పు అను సభ్యుడు తనకు చదువనిననే గిట్టదనియు, విద్యార్థిదశలో సైతము గిట్టలేదనియు సభలో చెప్పుకొనెను. కడకు రెండవ పఠనమున అనుకూలముగా 118, ప్రతికూలముగా 101 వోట్లు వచ్చినవి. పదునేడు వోట్ల ఆధిక్యముతో ప్రజా గ్రంథాలయ చట్టము బ్రతికి బయటపడినది.

బ్రతికినదే గాని అది కాలు సేతులు కట్టబడిన శిశువు. పదివేలకు మించిన జనాభా గల పురపాలక పట్టణములకే అది వర్తించును. పల్లెల ప్రస్తావనయే లేదు. పట్టణ సభ తనంతట తాను పన్ను వేయరాదు. పన్ను చెల్లించు పౌరుల వోటు తీసికొని, వోటు వేసినవారిలో మూడింట రెండు వంతుల సమ్మతి పొందవలెను. వేయదగిన పన్ను ఇంటి వార్షికపు అద్దె విలువలో పౌను ఒక్కింటికి అర్ధపెన్నీకి మించరాదు. పౌనునకు ఆ కాలమున 240 పెన్నీలు. అనగా ఏటికి పది పౌనుల అద్దె విలువ గల యింటివాడు గ్రంథాలయమునకై సంవత్సరమునకు చెల్లించునది అయిదు పెన్నీలు. అన్నిటికంటె వింతయైన నిబంధన వేఱొకటి కలదు: ఆ పన్నుతో భవనము కట్టవచ్చును, దీపములు పెట్టవచ్చును, ఉద్యోగికి జీతమీయవచ్చును, పుస్తకములు మాత్రము కొనరాదు! పుస్తకములు దాతలే యిత్తురని చట్టకర్తల తలంపు. గాదె కట్టుటకు సెలవిచ్చి గింజలు కొనరాదన్నట్లున్నది ఈ యేర్పాటు.

చట్టమును మొదట స్వీకరించిన పట్టణము నారిచ్ అయినను, ఆ చట్టపు శక్తి యెంతటిదో లోకమునకు చూపినది మాంచెస్టరు. నగరపు మేయరుగా నుండిన జాన్ పాటర్ ముందునిలిచి చందాలు ప్రోగుచేసెను. పండ్రెండు వేల పౌనులకు పైగా ద్రవ్యము కూడినది. ధనికులైన మిల్లు యజమానులతోపాటు, వేలమంది కూలివారు తమ కూలిలోనుండి పెన్నీలు తీసి యిచ్చిరి. రాబర్టు ఓవెన్ అనుయాయులు నిర్మించుకొన్న ‘విజ్ఞాన మందిరము’ అను భవనమును కొని గ్రంథాలయముగా మార్చిరి. ఎడ్వర్డు ఎడ్వర్డ్సునే పిలిచి తొలి గ్రంథపాలకునిగా నియమించిరి. 1852వ సంవత్సరము ఆగస్టు మాసమున పౌరుల వోటు తీసికొనిరి. అనుకూలముగా 3,962, ప్రతికూలముగా 40. ఇంతటి ఏకాభిప్రాయము పన్ను విషయమున లోకమున అరుదు. తమపై తామే పన్ను వేసికొనుటకు జనులు బారులు తీర్చి వచ్చిన దినమది.

1852 సెప్టెంబరు 2వ తేదీన ఆ గ్రంథాలయమును తెఱచిరి. సుమారు ఇరువదియొక్క వేల సంపుటములు. అచ్చటనే కూర్చుండి చదువుటకు ఒక శాఖ, ఇంటికి తీసికొనిపోవుటకు వేఱొక శాఖ. ప్రారంభోత్సవమునకు చార్లెసు డికెన్సు, థాకరే వంటి మహారచయితలు వచ్చిరి. ‘మాంచెస్టరు స్కూలు’ అను మాట అర్థశాస్త్రజ్ఞుల నోట తఱచు వినబడుచుండెను. అనియంత్రితమైన వర్తకమును బోధించు సిద్ధాంతమునకు ఆ పేరు. ఆ పాఠశాల యేదో తనకింతకాలము తెలియలేదనియు, అతి సామాన్యుని సైతము లోనికి పిలుచు ఈ గ్రంథాలయమే ఆ పాఠశాలయని నేడు తెలిసినదనియు డికెన్సు చమత్కరించెను. థాకరే మాటలాడ లేచి, భావోద్రేకమున మాట తడబడి మధ్యలోనే కూర్చుండెనట!

అన్ని పట్టణములును మాంచెస్టరు కాలేదు. అదే 1852వ సంవత్సరమున బర్మింగుహాము పౌరులు వోటు వేసిరి. అనుకూలము 534, ప్రతికూలము 363. ఎక్కువమంది కోరినను మూడింట రెండు వంతులు కాలేదు గనుక గ్రంథాలయము రాలేదు. ప్రతికూలించినవారిలో అఱువది నలుగురు అనుకూలముగా వోటు వేసియున్నచో వచ్చియుండెడిది. ఆ కొఱత వలన ఆ మహానగరపు జనులు ఎనిమిదేండ్లు వేచియుండవలసి వచ్చినది. ఈ లోపల 1855వ సంవత్సరమున చట్టమును సవరించిరి. పన్ను పౌనునకు ఒక పెన్నీ వఱకు పెంచవచ్చుననిరి. అయిదు వేల జనాభా గల పట్టణములను చేర్చిరి. పుస్తకములు కొనుటకును అనుమతించిరి. గాదెలోనికి గింజ అప్పటికి వచ్చినది. 1860లో బర్మింగుహాము తిరిగి వోటు వేసి చట్టమును స్వీకరించెను.

ఆ నగర చరిత్ర మనకొక గొప్ప పాఠమును నేర్పును. 1866లో అచ్చటి సంప్రదింపు గ్రంథాలయమును తెఱచుచు జార్జి డాసన్ అను వక్త, పెద్ద పట్టణము కేవలము వీధులు వేయుటకై యేర్పడినది కాదనియు, దేశము తన ప్రజలకెట్టి ధర్మము నెఱవేర్పవలెనో పట్టణమును తన జనులకట్టి ధర్మమే నెఱవేర్పవలెననియు చెప్పెను. పండ్రెండేండ్లకు పైగా గడచినవి. 1879 జనవరి 11వ తేదీన ఆ గ్రంథాలయము అగ్నికి ఆహుతియైనది. సుమారు ఏబదివేల సంపుటములలో దక్కినవి వేయి మాత్రమే. షేక్స్‌పియరు గ్రంథముల అపూర్వ సంచయము చాలవఱకు బూడిదయైనది. దాత యొక్కడిచ్చిన గ్రంథాలయమైనచో ఆ కథ అంతటితో ముగిసియుండెడిదేమో. కాని అది పట్టణమునకు చెందిన గ్రంథాలయము. పౌరులు మరల చందాలు వేసికొనిరి, పట్టణ సభ మరల కట్టించెను. 1882 జూన్ 1వ తేదీన తలుపులు మరల తెఱచుకొన్నవి. దానము వలన లభించినది పోయిన యెడల దుఃఖింతుము. మనమే చెల్లించి నిలుపుకొన్నది పోయిన యెడల మరల కట్టుకొందుము. ఈ రెంటికిగల భేదమును బర్మింగుహాము తేటతెల్లము చేసినది.

ఇచట ఒక న్యాయమైన ప్రశ్నను దాటవేయరాదు. చదువనివాడు పన్ను ఏల చెల్లింపవలెను? ఆనాటి విరోధులందఱును మూర్ఖులు కారు. చిన్న దుకాణదారునకు, అద్దె యింటివానికి ప్రతి పెన్నీయు లెక్కలోనిదే. దీనికి సమాధానము వీధిదీపమునందే కలదు. రాత్రి యిల్లు కదలని వృద్ధుడును వీధిదీపమునకు పన్ను చెల్లించును. ఆ వెలుతురున అతని మనుమడు క్షేమముగా ఇల్లు చేరును. గ్రంథాలయమును అట్టిదే. చదివినవాడు తెచ్చు వెలుగు చదువనివాని గడపను కూడ తాకును. అయినను ఆ పన్ను స్వల్పముగా నుండవలెననియు, జనసమ్మతితో నుండవలెననియు వారు పట్టుబట్టుట మంచికే అయినది. అడిగి పొందిన వోటు గ్రంథాలయమునకు పునాదిరాయి.

ఆ కథలో విషాదమును లేకపోలేదు. లెక్కలు కూర్చి, వాదించి, ఇంత మేలునకు కారకుడైన ఎడ్వర్డు ఎడ్వర్డ్సు తన పైసంఘముతో పొసగక 1858లో మాంచెస్టరు ఉద్యోగమునుండి తొలగింపబడెను. పిదప పెక్కు గ్రంథములు వ్రాసి, 1886వ సంవత్సరమున వైట్ ద్వీపమున పేదరికములో కన్నుమూసెను. గ్రంథాలయమును ప్రేమించిన సభలు గ్రంథపాలకుని మఱచుట అప్పటికే మొదలైనదన్నమాట. ఇక పల్లెల మాట. 1919వ సంవత్సరపు చట్టము పెన్నీ హద్దును తొలగించి, కౌంటీ సభలకు అధికారమిచ్చిన పిదపనే ఇంగ్లండు పల్లెలకు ఈ భాగ్యము అబ్బినది. పట్టణమునకు దొరకినది పల్లెకు దొరకుటకు అఱువదితొమ్మిది సంవత్సరములు పట్టినది!

ఈ కాలమున మన ఆంధ్రదేశమున నడచిన కథ దీనికి తలక్రిందులు. మనకు చట్టము లేదు, పన్ను లేదు, మునిసిపాలిటీల యండయు అంతంతమాత్రమే. కాని పల్లె ముందు మేల్కొన్నది. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము వెలసినది. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమైరి. దానికి ప్రాణము పోసినవారు అయ్యంకి వెంకటరమణయ్య గారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు దీర్ఘకాలము ఆ యుద్యమమునకు నాయకత్వము వహించిరి. వేటపాలెమున 1918లో సారస్వత నికేతనము పుట్టినది. దాని భవనమునకు 1929లో గాంధీ మహాత్ముడు శంకుస్థాపన చేసెను. కాలువలపై పడవలలో పుస్తకములు పంపిన కార్యకర్తలును మనకు కలరు. ఇదంతయు చందాలతో, పిడికెడు బియ్యముతో, కాలినడకతో సాగినది. ఇంగ్లండున పట్టణ సభ ముందు, పల్లె వెనుక. మనకు పల్లె ముందు, ప్రభుత్వము వెనుక.

అయినను చందా మీద నడచు సంస్థకు ఒక బలహీనత కలదు. నడపువాడు అలసినచో అదియు అలసిపోవును. తాళము పడిన పఠనమందిరములను, చెదలు తిన్న బీరువాలను మన పెద్దలు తమ కన్నులతో చూచిరి. కావుననే చట్టము కావలెనను కోరిక బలపడినది. ఆ కోరికకు రూపమిచ్చినవాడు ఎస్.ఆర్. రంగనాథన్. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితోపాధ్యాయుడైన ఆయన 1924లో విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడై, శిక్షణకై లండను నగరమున కరిగెను. అచ్చట తరగతులలో నేర్చినదానికంటె, క్రాయిడన్ పట్టణ గ్రంథాలయమున బెర్విక్ సేయర్సు చెంత చూచి నేర్చినది ఎక్కువ. బాలురు, కూలివారు, గృహిణులు, వృద్ధులు అందఱును ఒక్క కప్పు క్రింద చేరి, పట్టణపు పన్నుతో నడచు పుస్తకములను తమ సొత్తువలె తీసికొనిపోవుట ఆయన చూచెను. మాంచెస్టరు కూలివాని అర్ధపెన్నీ డెబ్బది సంవత్సరములకు ఫలించిన తీరు అది.

1925లో తిరిగివచ్చిన రంగనాథన్ 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘమును నెలకొల్పుటకు తోడ్పడెను. 1930లో కాశీలో జరిగిన ఆసియా విద్యా మహాసభ యెదుట ఆదర్శ గ్రంథాలయ చట్టపు చిత్తును ఉంచెను. చట్టము మాత్రము స్వాతంత్ర్యము వచ్చువఱకు రాలేదు. అవినాశిలింగం చెట్టియారు విద్యామంత్రిగా నున్న కాలమున, 1948లో, మద్రాసు ప్రజా గ్రంథాలయ చట్టము అమలుకు అంగీకరింపబడినది. స్వతంత్ర భారతమున రాష్ట్ర శాసనసభ చేసిన గ్రంథాలయ చట్టములలో అది మొదటిది.

ఆ చట్టము విధించిన పన్నెంత? ఆస్తిపన్ను మీద రూపాయికి ఆఱు పైలు. ఈనాటి పైసలు కావవి. అణాకు పండ్రెండు వచ్చు పాతకాలపు పైలు. ఆఱు పైలనగా అర్ధణా. అచ్చట అర్ధపెన్నీ, ఇచ్చట అర్ధణా! నాలుగు రూపాయల ఇంటిపన్ను చెల్లించువాడు గ్రంథాలయమునకై రెండణాలు అదనముగా ఇచ్చినచో చాలును. ఇంగ్లండు తొలి చట్టము పల్లెను విడిచిపెట్టగా, మన తొలి చట్టము జిల్లాను ప్రమాణముగా తీసికొని పల్లెను మొదటి దినమునుండియే లోపల చేర్చుకొన్నది. తలపాగాలో చుట్టిన అర్ధణాకు ఇంతటి విలువ వచ్చుట అదే మొదటిసారి.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆ చట్టము దానికి సంక్రమించినది. హైదరాబాదు రాష్ట్రము 1955లో తన చట్టమును చేసికొన్నది. రెండు ప్రాంతములును ఒక్కటైన పిదప 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయముల చట్టము వచ్చి, ఆ రెంటి స్థానమున నిలిచినది. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఈ చట్టము నీడన నడచుచున్నవి. 2014లో రాష్ట్రము విభజింపబడిన తరువాతను రెండు రాష్ట్రములయందును ఆ చట్టపు ఒరవడియే సాగుచున్నది. ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. అయిదువందల రూపాయల ఇంటిపన్ను చెల్లించు గృహస్థుడు అందుపై నలువది రూపాయలు గ్రంథాలయమునకై చెల్లించుచున్నాడు.

ఇచట మనము నిలిచి ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. మాంచెస్టరు పౌరుడు వోటు వేసి పన్ను కోరుకొనెను. కావున ఆ పెన్నీ తనదని ఎఱుగును. గ్రంథాలయము తెఱవనినాడు పట్టణ సభను నిలదీయును. మనకో, పన్ను శాసనసభ నుండి దిగివచ్చినది. మన వోటు ఎవరును అడుగలేదు. చట్టము వచ్చుట మేలే. అడిగి వోటు తీసికొనియున్నచో బర్మింగుహామువలె ఎన్ని యూళ్లు వెనుకంజ వేసియుండెడివో చెప్పజాలము. కాని వోటు లేకపోవుట వలన తాము చెల్లించుచున్నామను సంగతియే పెక్కుమందికి తెలియకపోయినది. తెలియని హక్కు ఉండియు లేనట్టిదే. వసూలు చేసిన సెస్సును స్థానిక సంస్థలు సకాలమున గ్రంథాలయ సంస్థలకు చేర్చుటలేదను మొఱ మన రాష్ట్రములలో తఱచుగా వినబడుచున్నది. పుస్తకమునకని తీసికొన్న పైసను వేఱొక పనికి వాడుకొనుట దొంగతనమని యెవరును అనరు. వాడుకొన్న పనియు మంచిదే కావచ్చును. కాని ఆ జాప్యము వలన ఖాళీయైన బీరువా ముందు నిలిచి తిరిగిపోవు పిల్లవానికి ఆ సమాధానము చాలదు.

కావున రజతోత్సవపు సన్మానములతోపాటు మనము చేయదగిన చిన్న పని యొకటి కలదు. ఈ సంవత్సరము ఇంటిపన్ను చెల్లించినపుడు రసీదులో గ్రంథాలయ సెస్సు అను పంక్తిని ఒక్కసారి చూచుకొనుడు. అందలి యంకెను పిల్లలచేత చదివింపుడు. గ్రామసభ కూడినపుడు, మన యూర వసూలైన సెస్సు యెంత, గ్రంథాలయ సంస్థకు చేరినది యెంత అని మర్యాదగా అడుగుడు. అడుగుట తగవు కాదు. మన పెద్దలు నాడు చందాపుస్తకము పట్టుకొని ఇంటింటికి తిరిగి అడిగిరి; నేడు మనము లెక్క అడుగుదుము. రెండును గ్రంథాలయసేవయే.

మాంచెస్టరులో నాడు తెఱచిన పాత భవనము నేడు లేదు. ఆ నగరపు గ్రంథాలయము వేఱొక మహాభవనమున నడచుచున్నది. భవనము మాఱినను నిలిచినది జనుల నిర్ణయము. మన చిన్న పెంకుటింటిలోని గ్రంథాలయమునకును అదియే ఆయువు. దాతలు విత్తనము వేసిరి. కార్యకర్తలు నీరు పోసిరి. ఇక కంచె కట్టవలసినవారము మనమందఱము. ఆ కంచె ఎత్తు రూపాయికి ఎనిమిది పైసలు మాత్రమే. దానిని చెల్లించుటయే గాక చేరవలసిన చోట చేర్పించుటయు మన వంతు. స్వర్ణోత్సవమునాడు ఈ పుటను తెఱచువారు, ఆ పని మనము నెఱవేర్చితిమని చెప్పుకొందురు గాక!